“చెయ్యి వెచ్చగానే ఉంది కదా?”: రెండు పరీక్షల మధ్య ఒక కుటుంబం

ఈ కేసు మా అవయవదాన రిజిస్టర్‌లో ‘కుటుంబం ఒప్పుకుంది’ అనే గడిలో ఉంది. ఆ గడి మాత్రమే చూసేవాళ్ళకి, అంతకు పన్నెండు గంటల ముందు అదే కుటుంబం ఐసీయూ తలుపు బాదుతూ మమ్మల్ని తిట్టిపోసిందని తెలిసే వీల్లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని, అంటే అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడి ఆ పనులు నడిపించే మనిషిని. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఐసీయూలో నర్సుగా చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు “మేడం, ఒక మంచి కేసు చెప్పండి” అని అడుగుతుంటారు. అలా అడిగిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఇదే. మనుషుల్ని గుర్తుపట్టగలిగే వివరాలు మార్చి రాస్తున్నాను.

పేషెంట్ 41 ఏళ్ళావిడ. సూర్యాపేట వైపు ఒక పల్లె. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బ్లౌజులు, పిల్లల గౌన్లు కుట్టేవారు. భర్త ఆటో నడుపుతారు. ఒక్కతే కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. బీపీ ఉందని రెండేళ్ళ కిందటే చెప్పారట, మాత్ర మాత్రం తలనొప్పి వచ్చిన రోజే వేసుకునేవారు. సోమవారం రాత్రి తొమ్మిదింటికి హుక్కులు కుడుతూ “తల పగిలిపోతోంది” అన్నారు, వాంతి చేసుకున్నారు, మిషను పక్కనే ఒరిగిపోయారు. దగ్గర్లోని ఆసుపత్రికి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి రెండు. సీటీలో మెదడు లోపల పెద్ద రక్తస్రావం, అది మెదడు మధ్యనుండే నీటి గదుల్లోకి కూడా దిగింది. సర్జరీ చేసినా లాభం లేదని న్యూరోసర్జన్ అప్పుడే చెప్పారు.

అవయవదానం అంటే హెల్మెట్ లేకుండా బైక్ మీద పోయిన కుర్రాడే అందరికీ గుర్తొస్తాడు. నేను చూసేవాళ్ళలో ఇలాంటి బీపీ స్ట్రోకులూ తక్కువేం కాదు.

బుధవారం పొద్దుటికి రెండు కంటిపాపలూ వెలుతురుకి కదలడం లేదు. గొంతులో ట్యూబు పెట్టి కఫం లాగుతుంటే దగ్గు రావడం లేదు. మూత్రం గంటకి అర లీటరు చొప్పున పోతోంది. మెదడు నుంచి రావలసిన హార్మోను ఆగిపోతే అలా అవుతుంది, దాంతో ఒంట్లో సోడియం పెరిగిపోతుంది. సోడియం బాగా ఎక్కువున్నా, ఒళ్ళు చల్లబడి ఉన్నా, మత్తుమందు ప్రభావం మిగిలి ఉన్నా, మెదడు పనిచేయడం పూర్తిగా ఆగిపోయిందా అని చూసే బ్రెయిన్ డెత్ పరీక్ష చేయకూడదు. అందుకని ముందు ఆ హార్మోనునే, వాసోప్రెసిన్‌ని, మందుగా పెట్టి సోడియం దించారు, దుప్పటి కప్పి ఒళ్ళు వెచ్చబరిచారు. మధ్యాహ్నం దాకా అదే పని.

తప్పు జరిగింది మూడింటికి.

డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మంచివాడే, పైగా ముప్పై గంటలుగా నిద్ర లేదు. కారిడార్‌లో ఆవిడ అన్నయ్య ఎదురుపడి “ఎట్లుంది సార్?” అని అడిగితే, “బ్రెయిన్ డెడ్ అయ్యుండొచ్చండీ, టెస్టులు చేస్తాం, తర్వాత ఆర్గాన్ డొనేషన్ వాళ్ళు మీతో మాట్లాడతారు” అన్నాడు. ఒకే ఊపిరిలో రెండు మాటలూ. అప్పటికి మొదటి పరీక్ష కూడా కాలేదు.

ఐదు నిమిషాల్లో పదిహేను మంది. “బతికుండగానే కోస్తారా?” “పైసలు గుంజింది చాలక కిడ్నీలు కూడా కావాల్నా?” సరిగ్గా అప్పుడే బిల్లింగ్ డెస్క్ నుంచి భర్త ఫోనుకి మెసేజ్ వచ్చింది, ఇంకా లక్షా నలభై వేలు కట్టాలని. ఆయన ఫోను నా ముఖం ముందు పెట్టారు. ఏమీ అనలేదు. ఆ అన్నయ్య కేకలకంటే నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

నేను సమర్థించుకోలేదు. “ఆ మాట ఇప్పుడు అనకూడదు. అది మా తప్పు. మీ మనిషికి ఏమైందో పూర్తిగా తేలేదాకా ఆ మాట మా వాళ్ళెవరూ ఎత్తరు” అన్నాను. బిల్లు గురించి మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. కొత్తవాళ్ళు ఇక్కడే జారిపోతారు. ఆ పూట “బిల్లు సంగతి చూద్దాంలెండి” అని ఓదార్పుకి అన్నా, రేపు అది బేరం కింద లెక్క. రూల్స్ స్పష్టంగానే ఉన్నాయి: కుటుంబం ఒప్పుకున్న తర్వాత దాతను నిలిపి ఉంచడానికి, అవయవాలు తీయడానికి, తరలించడానికి అయ్యే ఖర్చు కుటుంబం మీద పడకూడదు. అంతకుముందు వైద్యానికైన బిల్లు వేరే సంగతి, దాన్ని దీనితో కలపకూడదు. వాళ్ళకి ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే దాని పని చూడమని వేరే మనిషిని పంపాను. నేను ఆ కాగితం ముట్టుకోలేదు.

వాళ్ళని కూర్చోబెట్టడానికి మాకు గది లేదు. రాసుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఇది నిజం. మార్పిడి ఆపరేషన్లకి కోట్ల రూపాయల థియేటర్లు కడతాం, చావు కబురు చెప్పేది లిఫ్టు ముందు నిలబెట్టి. దుప్పట్లు పెట్టే చిన్న స్టోరు గది ఖాళీ చేయించి నాలుగు కుర్చీలు వేయించాను. భర్త, కూతురు, అన్నయ్య, పేషెంటు తల్లి లోపలికి వచ్చారు. తల్లికి అరవై దాటి ఉంటాయి. ఆమె కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

మాట తెచ్చే చిక్కు

మొదటి పరీక్ష సాయంత్రం నాలుగున్నరకి మొదలైంది. రెండోది కనీసం ఆరు గంటల తర్వాత. అవయవ మార్పిడి చట్టం చెప్పినట్టు నలుగురు డాక్టర్ల సంతకాలు కావాలి: ఆసుపత్రి బాధ్యుడు, ఆమోదం పొందిన నిపుణుల ప్యానెల్ నుంచి ఒకరు, న్యూరో డాక్టరు, వైద్యం చేస్తున్న డాక్టరు. మార్పిడి చేసే టీములోని వాళ్ళెవరూ అందులో ఉండకూడదు. ఈ చివరి మాట కుటుంబానికి తప్పక చెప్పాలి. కిడ్నీ కావలసిన డాక్టరే చావు రాసిచ్చాడేమోనన్న అనుమానం చాలామంది మనసులో ఉంటుంది, పైకి అనరు.

ఆ ఆరు గంటల్లో నేను చేసింది దానం గురించి మాట్లాడకుండా ఉండడమే. సీటీ ఫిలిం వెలుతురుకి పట్టి చూపించాను. తెల్లగా కనిపించేది రక్తం అని చెప్పాను. కూతురు అడిగింది: “కోమానా మేడం?” కోమాలో మెదడు దెబ్బతిని ఉంటుంది, కానీ కింది భాగం పనిచేస్తుంటుంది, ఊపిరి సొంతంగా తీసుకోవచ్చు, కొందరు లేచి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ చూస్తున్నది ఆ కింది భాగం, అంటే ఊపిరిని నడిపే చోటు, పూర్తిగా పోయిందా లేదా అని. పోయిందని తేలితే అది కోమా కాదు, అక్కడి నుంచి తిరిగి రావడం ఉండదు. ఇలా చెప్పాను. అప్పటికి అంతకుమించి చెప్పే హక్కు నాకు లేదు.

తల్లి ఒక్క మాట అంది. “చెయ్యి వెచ్చగానే ఉంది కదా బిడ్డా.”

ఈ ప్రశ్నకి జవాబు ఏ పోస్టరు మీదా లేదు. మన దినపత్రికల్లో బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళని ‘జీవన్మృతుడు’ అని రాస్తారు. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఇంతకంటే గందరగోళపు మాట లేదు. అందులో జీవం ఉంది, మృతీ ఉంది. విన్నవాళ్ళు సహజంగానే మొదటిదాన్ని పట్టుకుంటారు. ‘మెదడు చనిపోయింది’ అన్నా అంతే, మెదడు ఒక్కటే కదా పోయింది, మనిషి ఉంది కదా అనుకుంటారు. అందుకే రెండో పరీక్ష ముగిశాక నేను మెదడు ప్రస్తావన తీసేసి ‘చనిపోయారు’ అనే మాటే వాడతాను. కాగితాల్లో కూడా ఆ పరీక్ష ముగిసిన సమయాన్నే మరణ సమయంగా రాస్తాం.

ఆ తల్లికి అప్పుడు మాత్రం ఇలా చెప్పాను: “వెచ్చగా ఉంది నిజమే అమ్మా. మెషిన్ గాలి కొడుతోంది, అందుకని గుండె ఆడుతోంది, రక్తం తిరుగుతోంది. గుండె కొట్టుకోడానికి మెదడు అక్కర్లేదు, దాని కరెంటు దానికే ఉంటుంది. ఊపిరికి మాత్రం మెదడు కావాలి. ఈ రాత్రి మెషిన్ తీసి చూస్తారు. ఊపిరి సొంతంగా వస్తుందో రాదో మీలో ఒకరు వచ్చి చూడొచ్చు.”

ఇది అన్ని ఆసుపత్రుల్లో చేయరు. మా ఐసీయూ హెడ్‌ని ఒప్పించడానికే అరగంట పట్టింది. “అమ్మాయి తట్టుకోలేక పడిపోతే?” అన్నారాయన. పడిపోతే పట్టుకుంటాను అన్నాను.

రాత్రి పదకొండు దాటాక

కూతురే వచ్చింది. గౌను, మాస్కు వేసి మంచం కాళ్ళవైపు స్టూలు మీద కూర్చోబెట్టాను. ముందు మిగతా పరీక్షలు అయ్యాయి. కంట్లో టార్చి. కనుగుడ్డు మీద దూదిపోగు. చెవిలో ఐసు నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయేమోనని చూడడం. ఒక్కోదానికీ డాక్టరు ఏం చేస్తున్నారో చెప్పారు. అమ్మాయి తలూపింది, అంతే.

చివరిది ఆప్నియా పరీక్ష. పది నిమిషాలు నిండా ఆక్సిజన్ ఇచ్చి వెంటిలేటర్ గొట్టం తీస్తారు. ట్యూబులోంచి సన్నటి పైపుతో ఆక్సిజన్ మాత్రం పంపుతుంటారు, కాబట్టి ఒంటికి ఆక్సిజన్ సాధారణంగా తక్కువ కాదు. కానీ గాలిని లోపలికీ బయటికీ ఆడించేవాళ్ళు ఉండరు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. మెదడు కింది భాగంలో ఏ కొంచెం ప్రాణమున్నా అది 60 మిల్లీమీటర్లు దాటేలోపే ఛాతీ ఎగరాలి. ఊపిరి బిగబట్టుకుంటే కాసేపటికి ఎంత వద్దనుకున్నా పీల్చేస్తామే, అదే సంగతి.

దుప్పటి నడుం దాకా దించారు. గొట్టం తీశారు. రెండు రోజులుగా వస్తున్న ఆ బుస్సుమనే శబ్దం ఆగిపోయింది. అప్పుడు తెలిసింది ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో. అమ్మాయి కళ్ళు తల్లి ఛాతీ మీదే. మొదటి నిమిషంలో “కదిలింది” అంది. అది గుండె కొట్టుకునే అదురు. డాక్టరు కోప్పడకుండా “అది గుండె, చూడు, ఊపిరైతే ఇక్కడ లేస్తుంది” అని పక్కటెముకల కింద వేలు పెట్టి చూపించారు. మూడో నిమిషంలో అమ్మాయి తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. కాసేపటికి తనే గట్టిగా పీల్చి, నా వైపు తిరిగి చూసింది. ఎనిమిది నిమిషాలు. రక్తం తీసి పరీక్షిస్తే కార్బన్ డయాక్సైడ్ 78. మళ్ళీ గొట్టం పెట్టారు.

స్టోరు గదికి తిరిగి వచ్చి ఆ అమ్మాయే చెప్పింది, “అమ్మ ఊపిరి తీసుకోలేదు నాన్నా. నేను చూసిన.” నేను అప్పుడు “ఆవిడ చనిపోయారు” అని ఒక్క వాక్యం అన్నాను. తర్వాత బయటికి వచ్చేశాను. ఏడవనివ్వాలి. అరగంటో, గంటో. గడియారం చూసుకోవడం తప్పదు, ఎందుకంటే బీపీ పడిపోతూ ఉంటుంది, మందులు పెంచుతూ పోతుంటారు. అయినా లోపలికి పోకూడదు.

ఒంటిగంటకి భర్త తలుపు తీసి పిలిచారు. “ఇప్పుడేం చేస్తరు?” అన్నారు. మేము అడగాల్సింది అప్పుడే, వాళ్ళు తర్వాతేమిటని అడిగినప్పుడు. రెండు దారులూ చెప్పాను. “ఇవ్వకపోతే మెషిన్ తీసేస్తరా?” అని అన్నయ్య అడిగారు. ఇది మన చట్టంలోని ఇబ్బందికరమైన ఖాళీ. 1994 కేంద్ర చట్టమైనా, మన ఉమ్మడి రాష్ట్రం 1995లో చేసుకున్న పాత చట్టమైనా బ్రెయిన్ డెత్ గురించి మాట్లాడేది అవయవాలు తీసే సందర్భంలోనే. దానం వద్దన్న కుటుంబానికి ఆ తర్వాత ఏం చేయాలన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా నడుస్తుంది. “వద్దంటే వద్దు, మీ మీద ఎవరూ ఒత్తిడి పెట్టరు, మెషిన్ సంగతి మీతో మాట్లాడకుండా ఏమీ చేయరు” అన్నాను.

తర్వాత రెండు గంటలు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. నన్ను పిలిచినప్పుడల్లా వెళ్ళాను. అన్నయ్య అడిగినవి: మెట్రోలో తీసుకుపోతారా, టీవీలో చూపిస్తారా? 2025 జనవరిలో ఎల్బీనగర్ వైపు నుంచి లక్డీకాపూల్‌కి గుండెను మెట్రోలో 13 నిమిషాల్లో 13 కిలోమీటర్లు తీసుకెళ్ళారు, ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అవగాహన అంటే మా జనానికి తెలిసింది ఆ పెట్టె, ఆ పరుగు. మంచిదే. ఆ పెట్టెకి ముందు ఇలాంటి గది ఒకటి ఉంటుందని మాత్రం ఎక్కడా కనిపించదు. టీవీ వాళ్ళు రారు, పేరు బయటికి పోదు అని చెప్పాను. ఈమె విషయంలో గుండె వెళ్ళేదీ లేదు, ఏళ్ళ తరబడి బీపీకి గుండె గోడ మందమైపోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. లివరు, రెండు కిడ్నీలు బాగున్నాయి.

తల్లి అడిగింది వేరు. “ముత్తైదువగా పోయింది. తానం చేయించి పసుపు కుంకుమ పెట్టాలె. ఒళ్ళు ఒళ్ళులాగ ఇస్తరా?” కుట్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంటాయో నా ఒంటి మీదే చూపించాను. చీర కడితే కనపడవు, ముఖం ముట్టుకోరు. స్నానం మీరే చేయించొచ్చు, కుట్ల మీద ప్లాస్టరు ఉంటుంది, నీళ్ళు పడ్డా ఫరవాలేదు. ఆమె చాలాసేపు నా పొట్ట వైపే చూసింది.

మూడింటికి ఒప్పుకున్నారు. సమ్మతి పత్రం, అంటే ఫారం 8లో భర్త సంతకం. అక్షరాలు కూడబలుక్కుని, ఇంటి పేరుతో సహా తెలుగులో రాశారు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి తల్లి “కండ్లు వద్దు” అంది. వచ్చే జన్మలో గుడ్డిగా పుడుతుందని. కూతురు ఏదో అనబోయింది, నేనే వద్దన్నాను. తీసేది చాలావరకు పైన ఉండే పల్చటి కార్నియానే అని వివరించి ఒప్పించవచ్చేమో. ఆ రాత్రికి ఆమె ఇచ్చింది చాలనిపించింది. మా ఐ బ్యాంకు మిత్రుడు దీనికి నన్ను ఇంకా దెప్పుతుంటాడు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. నిమ్స్ నుంచి నడిచే రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌కి సమాచారం ఇచ్చాం. జాబితా ప్రకారం ఒక కిడ్నీ మా దగ్గరి పేషెంటుకి, రెండోది, లివరు వేరే ఆసుపత్రులకి కేటాయించారు. గురువారం సాయంత్రం థియేటర్. లివరుకి పన్నెండు గంటల లోపు, కిడ్నీలకి ఒక రోజుకి అటూఇటూగా టైము ఉంటుంది కాబట్టి సైరన్ల హడావిడి లేదు. యాక్సిడెంట్ కేసైతే పోలీసు పంచనామా, పోస్టుమార్టం కూడా ఉండేవి. థియేటర్ లోపల అందరూ ఒక నిమిషం నిలబడ్డారు. రాత్రి తొమ్మిదికి అప్పగించాం. తల్లి చీర కొంగు తొలగించి చూసింది, మళ్ళీ కప్పింది.

పదకొండో రోజు

అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. వారానికి భర్త ఫోన్ చేశారు. “ఊర్లో మూడు లక్షలు తీసుకున్ననని అంటున్నరు మేడం. ఆటో ఎక్కినోళ్ళు కూడ అడుగుతున్నరు.”

దానికి ఫోన్లో చెప్పే జవాబు లేదు. దినాల రోజున జీవన్‌దాన్ ప్రశంసాపత్రం తీసుకుని వెళ్ళాను. భోజనాలయ్యాక టెంటు కింద మగవాళ్ళు యాభై మంది, వెనక ఆడవాళ్ళు. ఉపన్యాసం ఇవ్వలేదు. కేంద్ర చట్టానికి 2011లో చేసిన సవరణలో అవయవం కొన్నా అమ్మినా 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా అని ఉందనీ, ఈయన ఒక్క రూపాయి తీసుకున్నా నేను కూడా జైల్లో ఉండేదాన్ననీ చెప్పాను. నవ్వారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి, గంటన్నర ఆగలేదు.

ఒక పెద్దాయన తను ఇంట్లో పోతే గుండె, కిడ్నీలు తీసుకుంటారా అని అడిగారు. తీసుకోరు. గుండె ఆగి ఇంట్లో పోయినవాళ్ళవి కళ్ళు ఇవ్వవచ్చు, ఆరు గంటల లోపు. ఫ్యాను ఆపాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు ఎత్తుగా పెట్టాలి, ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి. అద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు. ఒక కుర్రాడు ఫోన్లో ఆధార్‌తో ప్రతిజ్ఞ చేయొచ్చట కదా అన్నాడు. చేయొచ్చు, 2023 నుంచి ఉంది. కానీ ఆ సర్టిఫికెట్ నీ ఫోన్లోనే ఉంటే నాకు పనికిరాదు, రేపు సంతకం పెట్టాల్సింది మీ అమ్మ, ఇవాళ రాత్రి అన్నం తినేటప్పుడు ఆవిడకి చెప్పు అన్నాను. ఎవరో “మా అమ్మకి చెప్తే చీపురు తీసుకుంటది” అన్నారు. ఆగస్టు 3 అవయవదాన దినం ఎందుకయిందో కూడా చెప్పాను: 1994లో ఆ రోజున ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియదు.

ముగ్గురు ఫారాలు తీసుకున్నారు. ఒకాయన మర్నాడే వాళ్ళావిడ చింపేసిందని ఫోన్ చేసి చెప్పారు. పుకారు పూర్తిగా పోయిందనీ చెప్పలేను, తగ్గిందని భర్త అన్నారు.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి చిన్నవే. స్టోరు గది ఇప్పుడు కౌన్సెలింగ్ గది, ఆ నాలుగు కుర్చీలు అక్కడే ఉన్నాయి. రెండో పరీక్ష పూర్తయ్యేదాకా కుటుంబంతో దానం మాట ఎవరూ అనకూడదని ఐసీయూ హ్యాండోవర్ షీటులో ఒక లైను చేరింది. పరీక్షలు నడుస్తున్న పేషెంటుకి బిల్లు మెసేజ్‌లు ఆపడానికి మాత్రం అకౌంట్స్ వాళ్ళతో నాలుగు నెలలు కొట్లాడాల్సి వచ్చింది.

ఊరి నుంచి బయల్దేరుతుంటే ఆ తల్లి ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. అంతసేపూ టెంటు వైపు రాలేదు. దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాను. “కార్జం పెట్టిచ్చుకున్నోళ్ళు ఎట్లున్నరు?” అని అడిగింది. పేరు, ఊరు చెప్పకూడదని ఆమెకి తెలుసు, అవి అడగలేదు. “బాగున్నారమ్మా, నిన్న రెండు ఇడ్లీలు తిన్నారట” అన్నాను.

కాసేపు ఆలోచించింది. “కారం తక్కువేసుకోమను బిడ్డా” అంది. “దానికి కారం పడకపోయేది.”